నీళ్ల కిందికి ఇనవడ్తదా

వీపుకు సిలిండర్లు కట్టి మమ్ముల కరీంనగర్ల నీళ్లల్ల దింపుతరట అని ఇంట్ల చెప్పిన పొద్దు అవ్వ పొయ్యి కాడ జొన్నరొట్టె చేస్తుండె. ఏ కొత్త సంగతి చెప్పినా ఆమె మొదలు అడిగేది ఒక్కటే, "తిండి ఎవలు పెడ్తరు?" అని. ఆ పొద్దు అది అడుగలే. పెనం మీద రొట్టె మాడుతుంటె సుత తిప్పలే. నా దిక్కు తిరుగకుంటనే అన్నది.

"బిడ్డా, నీళ్ల కిందున్నోనికి గట్టు మీది మాట ఇనవడ్తదా? జర సూసి రా."

నేను "సరే అవ్వా" అన్న. ఇంకేమంట? రొట్టె నేనే తిప్పిన.

ఎవలి గురించి అడిగిందో నాకు చెప్పే పని లేదు. నా తమ్ముడు, అవ్వకు ఉన్న ఒక్క కొడుకు, మూడేండ్ల కింద నీళ్లల్ల పోయిండు. మాది మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి కాలనీ. కాలనీ ఎనుక పాత ఓపెన్ కాస్టు గుంత ఉన్నది. బొగ్గు ఒడిసినంక మిషన్లు ఎల్లిపోయినయి, వానలకు, ఊటకు గుంత నిండింది. నీళ్లు పచ్చగ, చల్లగ, అడుగు కనవడకుంట ఉంటయి. కాలనీల నల్లా నీళ్లు బొంతలు ఉతికేటంత రావు. అందుకే దసర ముందట ఇల్లు దులిపినంక ఆడోళ్లంత బొంతలు మూట కట్టుకొని ఆడికే పోతరు. దిగొద్దని బోర్డు ఉన్నది. ఆ బోర్డు మీదనే పిండిన చీరెలు ఆరేస్తరు.

ఆ దినం తమ్ముడు బండి మీద మూట ఏసుకొని, అవ్వను ఎనుక కూసోవెట్టుకొని పోయిండు. మూట దించి, అంగి ఇడిసి దుంకిండు. వానికి చిన్నప్పటి సంది ఒక పాడు అలవాటు. దమ్ము పట్టి మునిగి, యాడనో దూరంగ తేలి, "అవ్వా, సచ్చిపోయిననుకున్నవా?" అని ఇకిలించేటోడు. అవ్వ చేతికి ఏది దొరికితె అది ఇసిరేది. ఆ దినం మునిగినోడు మల్ల తేలలే. కింద ఏం తట్టుకున్నదో, పాత తీగనో, బురదనో, మాకు ఇప్పటికీ తెల్వదు. బైటి ఊరికెల్లి ఈతగాళ్లు వచ్చి వాణ్ణి తీసేసరికి తెల్లారి మధ్యాన్నమైంది. అంతసేపు అవ్వ గట్టు మీదనే నిలవడ్డది. "రా బిడ్డా, సాలు, బైటికి రా" అని పిలిసి పిలిసి గొంతు పోయింది. ఆ గొంతు మల్ల సక్కగ రాలే. కాలనీకి ఎవలన్న కొత్తోళ్లు వచ్చి "మీ అవ్వ గొంతు గట్లెందుకున్నది?" అని అడుగుతె, నాకంటె ముందు పక్కింటోళ్లే చెప్తరు, కొడుకును పిలిసి పిలిసి గట్లయింది పాపం అని.

నేను అప్పుడు నిర్మల్ల ఒక ప్రైవేటు బడిల ఆటల టీచర్ను. బస్సు దిగి ఉరికొచ్చేసరికి అంత అయిపోయింది. అవ్వ పిలుసుడు నేను చూడలే, ఇన్నదే. చూడలేదు గనుకనే అది నా మనసుల ఇంకా పెద్దగైంది కావచ్చు.

బాపు భూమి లోపలి బాయిల పనిచేసిండు. ఊపిరి సరిగ ఆడుత లేదని కంపెనీ డాక్టర్లు ఇగ దిగొద్దన్నరు. గట్లయినోళ్ల కొలువు పిల్లలల్ల ఒకరికి ఇస్తరు. ఆ కొలువు తమ్మునికి వస్తదని మా ఇంట్ల అందరికి ఖాయం. నైటు డ్యూటీ నాతోని కాదని వాడు ముందుగలనే గునుస్తుండె సుత. వాడు లేకపాయె, కొలువు నాకు వచ్చింది. "మంచిగైంది తియ్, ఆడివిల్లకు పక్కా నౌకరి" అన్నరు చుట్టాలు. మంచిగైందట! వాళ్ల నోట్ల మన్నువడ. మొదటి దినం హెల్మెటు పెట్టుకొని నేను బైటికెల్లుతుంటె అవ్వ గడపల నిలవడి నా బూట్లనే చూసింది. మొఖం దిక్కు చూడలే. ఆమె కండ్లకు ఆ బూట్లల్ల ఎవలు కనవడ్డరో నాకు తెలుసు, అందుకే నేను సుత ఆగలే.

ఆటల టీచర్ను గనుక, ఒంట్ల బలం ఉన్నదని నన్ను రెస్క్యూ టీముల ఏసిండ్రు. బాయిల మంట లేసినా, విషగాలి నిండినా, ముఖానికి మాస్కు, వీపుకు ఆక్సిజన్ కట్టుకొని లోపలికి పోయేది మేమే. ఈ మధ్య గుంతలల్ల, కాలువలల్ల మునిగేటోళ్లు ఎక్కువైతుండ్రు, మీలకెల్లి కొందరు నీళ్ల కిందికి దిగుడు సుత నేర్సుకోవాలె అన్నరు ఆఫీసర్లు. అందరి కన్న ముందు నేనే చెయ్యి ఎత్తిన. మా టీముల ఒక అన్న ఉన్నడు. వయసుల నాకంటె చానా పెద్ద, బాయిల తల నెరిసినోడు, నోరు మాత్రం ఊకుండదు. ఆయినె నన్ను పక్కకు పిలిసి, "చెల్లె, మంచిగ ఆలోచన చేసుకున్నవా?" అని అడిగిండు. "చేసుకున్న అన్నా" అన్న. ఇగ మల్ల అడుగలే. పోయి తన పేరు సుత ఇచ్చిండు.

అవ్వకు ఏం కావాల్నో నాకు సమజైంది అనుకున్న. అంతసేపు పిలిసిన పిలుపు వానికి ముట్టింది, అవ్వ గట్టు మీదున్నదని ఎరికయ్యే వాడు కన్ను మూసిండు, ఒక్కడే ఉన్న అనుకోలే. గీ మాట ఒక్కటి ఎవలన్న చెప్తె సాలు, ఆమె జర తెరిపిన పడ్తది. ఆ ఎవలో నేనే కావాలని పోయిన. ట్రైనింగు అందరికి ఒక పని. నాకు మాత్రం అవ్వ మాటకు జవాబు తెచ్చుడే పని.

పొద్దుగాల, పోరగాండ్లు ఈతకు రాకముందు కరీంనగర్ స్విమ్మింగ్ పూల్ మాకు ఇచ్చిండ్రు. నేర్పే సారు సముద్రం దిక్కు మనిషి, నేవీల పని చేసి రిటైరైనోడు. "వచ్చారా, చూశారా, బాగుందమ్మా" అని మాట్లాడ్తడు. మనిషి చానా మెత్తన. ఒంటికి అతుక్కునే నల్ల రబ్బరు డ్రెస్సు ఇచ్చిండు. అది తొడుక్కునేసరికే నాకు చెమటలు కారినయి. నడుముకు సీసం బిళ్లల బెల్టు, వీపుకు సిలిండరు, కాళ్లకు బాతు కాళ్ల అసొంటి రెక్కలు. అన్న నన్ను మీదికెల్లి కిందికి చూసి, "చెల్లె, గిట్లనే కాలనీకి పోదాం పా, కుక్కలు సుత మొరగకుంట ఉరుకుతయి" అన్నడు. "నిన్ను చూసైతె వదినె ఉరుకుతది" అన్న. నవ్వుకుంట మెట్లు దిగిన. నీళ్లు నడుము దాక వచ్చినంక నవ్వు యాడ పోయిందో పోయింది.

నీళ్లంటె నాకు మొదటి నుంచి భయం లేకుండె. చిన్నప్పుడు బాపు మా ఇద్దరి నడుములకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి కాలువల ఈత నేర్పిండు. నేనే ముందుగల నేర్సుకున్న, వాడే ఎక్కువ దూరం పోయేటోడు. వాడు పోయినంక నేను ఇంట్ల బకెట్ల చెయ్యి పెట్టాల్నన్నా ఎట్లనో అయ్యేది. ఆ సంగతి ఎవలికి చెప్పలే.

సారు చెప్పిన మొదటి రూలు ఏందంటె, కింద ఎన్నడు ఊపిరి బిగపట్టొద్దు. తీసుకుంటనే ఉండాలె, ఇడుసుకుంటనే ఉండాలె. "బిగపడితే ప్రమాదమమ్మా" అన్నడు. ఈ మాట తమ్మునికి ఎవలన్న చెప్తె బాగుండు అనుకున్న. అనుకున్న గడియలనే నా మీద నాకే కోపం వచ్చింది. వాని దగ్గర సిలిండరు యాడిది? దమ్ము పట్టక ఏం జేస్తడు? ఎడ్డి ఆలోచన. కని దుఃఖం వచ్చిందంటె గసొంటి ఎడ్డి ఆలోచనలే వస్తయి.

నోట్ల రబ్బరు ముక్క పెట్టుకొని, దాంట్లకెల్లి గాలి పీల్చుకుంట కింద మోకాళ్ల మీద కూసున్నం. అది నాకు కష్టం కాలే. మాస్కుల ఊపిరి చప్పుడు మాకు అలవాటే. తిప్పలంత రెండో పాఠంల మొదలైంది. కండ్ల మీది మాస్కు అంచు జర లేపి, లోపలికి నీళ్లు రానిచ్చి, మల్ల ముక్కుతోని గట్టిగ ఊది ఆ నీళ్లను బైటికి పంపాలె. సముద్రంల ఎప్పుడన్న మాస్కు జారితె పరేషాన్ కాకుంట ఉండేటందుకు ఈ పాఠం. సారు చేసి చూపెట్టిండు. చిన్న పోరగాడు సుత చేస్తడు అనిపించింది.

నేను అంచు లేపిన. నీళ్లు ముక్కుకు తగిలినయి. అంతే, నా రెండు చేతులు వాటంతట అవే లేసి మాస్కును ముఖానికి గట్టిగ ఒత్తి పట్టుకున్నయి. ఊదుతలేను, ఇడుస్తలేను, ఒత్తుకుంట కూసున్న. బాయి రెస్క్యూల మా ట్రైనింగు గసొంటిది మరి. పొగ నింపిన గదిల, ఉడుకుల, మోకాళ్ల మీద పాకిచ్చుకుంట మాకు నేర్పింది ఒక్కటే మాట. మాస్కు అంచు ఇంచంత లేసినా సావే. లేసినట్టు అనిపిస్తె ఒత్తు, ఒత్తి పట్టుకొని ఎనుకకు మళ్లు. పక్కోనికి అయినా గంతే, వాని బెల్టు పట్టుకొని టీమంత ఎనుకకు తిరుగాలె. ఒక్కణ్ణి ఇడిసి ముందుకు పోవుడు మా కాడ లేదు.

నా పక్కన కూసున్న అన్న నా చేతులు చూసిండు. చెల్లె మాస్కు లీకైంది అనుకున్నడు. ఇగ ఆయినె సుత ఒక్క క్షణం ఆగలే. నా బెల్టు దొరకబట్టి, పూల్ అడుగున, కాళ్ల రెక్కలు తపతప కొట్టుకుంట, నన్ను గుంజుకొని మెట్ల దిక్కు మోకాళ్ల మీద పాకుడు షురూ చేసిండు. నేను సుత బుద్ధిమంతురాలి లెక్క మాస్కు ఒత్తుకుంట ఆయినె ఎంబడి పాకిన. తల మీద మూరెడు నీళ్లే ఉన్నయి, లేసి నిలవడితె అయిపాయె. మా ఇద్దరికీ ఆ సోయి లేదు. సారు ఈదుకుంట ముంగటికి వచ్చి రెండు చేతులు అడ్డం పెట్టిండు. పైకి తేలినంక, "ఎక్కడికి వెళ్లిపోతున్నారండీ ఇద్దరూ?" అన్నడు. అన్న దమ్ము తీసుకొని, "బాయి బైటికి సార్" అన్నడు. మా టీమోళ్లు గట్టు మీద కూసొని పొట్ట చేతులతోని పట్టుకొని నవ్విండ్రు.

నేను సుత నవ్విన. నవ్వుతనే ఉన్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు జర మాస్కుల నీళ్లు వచ్చినందుకే నా బెల్టు పట్టుకొని గుంజుకొచ్చేటోడు ఒకడు ఉన్నడు. తమ్ముని బెల్టు పట్టుకునేటోడు ఎవలున్నరు?

తర్వాత పాఠం ఇంకా అన్యాలం. మాస్కు మొత్తమే తీసి చేతుల పట్టుకొని, కండ్లు తెరిసి, ఒట్టి నోటితోని గాలి పీల్చుకుంట కూసోవాలె. అన్నకు రెండో మాటుకే వచ్చింది. నాకు రాలే. చెయ్యి మాస్కు దాక పోతది, ఆడ ఆగుతది. ఒకసారి ఎట్లనో తీసిన. నీళ్లు కండ్లల్ల పడ్డయి. చుట్టూత అంత పచ్చగ, మసక మసకగ, ఏది యాడున్నదో తెల్వదు, ఏది మీదనో ఏది కిందనో తెల్వదు. వాడు చివరికి చూసింది గిదే గదా అని ఒక్క తలపు వచ్చింది. ముక్కుతోని నీళ్లు పీల్చిన. గాయి గాయి లేసి, దగ్గుకుంట, కక్కుకుంట గట్టు పట్టుకున్న.

నాకు ముక్కు మీదనే కోపం. సారు మెల్లగ, "కంగారు పడకండమ్మా, మళ్లీ చేద్దాం" అంటె, నేను ఒర్లిన. "మీ సముద్రంల గట్లనేమో గని సార్, మా కాడ మాస్కు తీసినోడు ఇంటికి రాడు!"

సారుకు కోపం రాలే. "ఇక్కడ తీయడం నేర్చుకోనివాడు రాడమ్మా" అన్నడు.

గట్టెక్కి సామాను ఇప్పిన. బట్టలు మార్సుకునే గదిల నల్లా ఇప్పి, ఆ చప్పుడుల కూసొని ఏడ్సిన. బైటికి వచ్చేసరికి అన్న రెండు చాయ్‌లు పట్టుకొని నిలవడ్డడు.  "చక్కెర ఎక్కువ ఏపిచ్చిన, తాగు" అన్నడు.

ఆ రాత్రి మేం కరీంనగర్లనే ఆగినం. తెల్లారి సారు నాకు వేరేగ నేర్పిండు. లోతుకు తీస్కపోలే. నడుము మట్టం నీళ్లల్ల, మాస్కు లేకుంట, ముఖం మాత్రం నీళ్లల్ల పెట్టి నోటితోని ఊపిరి తీసుడు. గంతే. అలసిపోతె లేసి నిలవడుడు, మల్ల పెట్టుడు. ఎవలు నవ్వలే. అట్ల చేసి చేసి, భయం పోలే గని విసుగు వచ్చింది. భయం కన్న విసుగు నయం, విసుగుతోని పని అయితది. అటెన్క లోతుకు పోయినం. అన్న నా ముంగట కూసొని నా సిలిండరు పట్టీ పట్టుకున్నడు, ఇడువను అన్నట్టు. నేను మాస్కు తీసిన. కండ్లు తెరిసిన. మసక. నోట్లకు గాలి వస్తనే ఉన్నది. వస్తనే ఉన్నది, పోతనే ఉన్నది. నా బుగ్గల మీదికెల్లి బుడగలు పైకి పోతుంటె చక్కిలిగిలి అయితుంది. మల్ల మాస్కు పెట్టుకొని ముక్కుతోని ఊదిన. నీళ్లు దిగిపోయి, ముంగట అన్న మొఖం, ఎనుక సారు మొఖం సాఫ్ సీదా కనవడ్డయి. సారు నీళ్లల్లనే చప్పట్లు కొట్టిండు. చప్పుడు రాలే.

అప్పుడు అవ్వ మాట మల్ల గుర్తుకొచ్చింది. అంతసేపు నా ప్రాణం గురించే నాకు ఫికర్ ఉండె.

సామాను ఇప్పినంక సారును అడిగిన. "సార్, మీది నుంచి మనిషి పిలిస్తె కింద ఇనవడ్తదా?"

"నీళ్లలో శబ్దం బాగా నడుస్తుందమ్మా. సిలిండర్ మీద రాయితో కొడితే చాలా దూరం వినిపిస్తుంది" అన్నడు.

నా పానం లేసొచ్చింది. "అంటే పిలిస్తె ఇనవడ్తది?"

"అది వేరు. గాలిలో అరిచిన అరుపు నీళ్లలోకి దిగదు. నీళ్ల మీద తగిలి పైకే పోతుంది. ఎందుకమ్మా?"

"ఊకెనే సార్" అన్న.

నమ్మలే. సారు చదువుకున్న మనిషి, కని నా చెవులతోని ఇనకుంట ఎట్ల నమ్ముత? అన్నను పిలిసిన. "అన్నా, నేను ఒట్టిగనే మునుగుత. నువ్వు గీ గట్టు మీద నిలవడి నన్ను పేరు పెట్టి పిలువు. బాగ గట్టిగ పిలువాలె."

"ఏమిస్తవే పిలిస్తె?" అన్నడు నవ్వుకుంట. అని నా మొఖం చూసిండు. ఆయినెకు మా ఇంటి సంగతి అంత తెలుసు. నవ్వు ఆపి, గట్టు అంచుకు వచ్చి నిలవడ్డడు.

దమ్ము పట్టి మునిగిన. సారు చెప్పిన రూలు సిలిండరుతోని పీల్చేటోళ్లకు, ఇప్పుడు నా మీద సిలిండరు లేదు. అడుగున ఇనుప జాలి పట్టుకొని కూసున్న. యాడనో మోటరు గుయ్యిమంటుంది. ఎవలో మెట్ల కాడ బకెట్ పెట్టిండ్రు, అది ఠంగుమని పక్కన పెట్టినట్టే ఇనవడ్డది. నా గుండె కొట్టుకునుడు ఇనవడ్డది. అన్న గొంతు ఇనవడలే. తల ఎత్తి చూస్తె మీద నీళ్లల్ల వంకర టింకరగ అన్న మొఖం, నోరు ఇంత పెద్దగ తెరిసి ఉన్నది. తెరుస్తుండు, మూస్తుండు. నాకు ఒక్క ముక్క రాలే.

పైకి వచ్చి, "పిలిసినవా?" అన్న.

"గొంతు పోయింది గదనే! రోడ్డు మీదికెల్లి మనిషి వచ్చి చూసి పోయిండు."

మల్ల మునిగిన. జర తక్కువ లోతుల, గట్టు దగ్గర. మల్లొకసారి మునిగిన, చెవి పైకి పెట్టి. బొయ్యిమని ఏదో మూల్గినట్టు ఒకసారి అనిపించింది. అది అన్ననో మోటరో చెప్పరాదు. పేరు కాదు, మాట కాదు, మనిషి గొంతు సుత కాదు. పైకి వచ్చి గట్టు మీద గడ్డం ఆనిచ్చిన. అన్న నా పక్కన గొంతుకూసొని, "ఇనవడలేనా?" అన్నడు. తల ఊపిన. "పోనీ తియ్ చెల్లె. ఇంట్ల ఇనవడ్తదనే చెప్పు. ఏం పోయింది?" అన్నడు. ఎవలికి చెప్పాల్నో నేను చెప్పనే లేదు, ఆయినెకు ఎరికైంది.

బస్సు పెద్దపల్లి దాటి, గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి జవాబు మొత్తం తయారు చేసుకున్న. ఇనవడ్తదవ్వా, మంచిగ ఇనవడ్తది, వాడు నీ గొంతు ఇనుకుంటనే పోయిండు. మనసుల అనుకుంట అనుకుంట వచ్చిన. అబద్ధం అయితె కానియ్. గా ముసలి పానానికి జర నిద్ర వస్తె సాలు.

ఇంటికి వచ్చినంక అవ్వ అడుగలే. తెల్లారి సుత అడుగలే. బాపు ఇంట్ల ఉంటె అడుగదని నాకు తెలుసు, బాపు ముందట తమ్ముని మాట తియ్యదు. ఆదివారం బాపు కాలనీ గేటు కాడి చాయ్ హోటల్‌కు, పాత దోస్తుల దగ్గరికి పోయిండు. అవ్వ చాట ముంగట పెట్టుకొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంది. నేను సుత ఎదురుంగ కూసొని తీస్తున్న.

"సూసినవా?" అన్నది.

ఏందని నేను అడుగలే. చెప్తమని నోరు తెరిసి ఆమె మొఖం చూసిన. ఆశపడే మొఖం అనుకున్న ఇన్ని దినాలు. అది దవాఖానల డాక్టరు ఏం చెప్తడో అని కూసున్న మనిషి మొఖం.  దేనికి భయపడ్తుందో నాకు సమజ్ కాలే గని, ఆ మొఖానికి అబద్ధం చెప్పరాలే.

"లేదవ్వా. ఇనవడది."

"నిజంగనా?"

"నేనే మునిగి సూసిన. అన్న గట్టు మీదికెల్లి గొంతు సించుకున్నడు. ఒక్క ముక్క రాలే కిందికి."

"దగ్గరికెల్లి ఒర్లినా?"

"దగ్గరికెల్లి ఒర్లినా ఇనవడది. సారును సుత అడిగిన. నీ తోడు."

అవ్వ చేతిల కాయ చాటల ఏసింది. రెండు చేతులు ఎదురొమ్ము మీద పెట్టుకొని, కండ్లు మూసుకొని, ఊపిరి ఇడిసింది. మూడేండ్ల సంది లోపల పట్టుకున్న ఊపిరి లెక్క ఇడిసింది. "నా బిడ్డ ఇనలే" అన్నది. "ఇనలే. మంచిగైంది దేవుడా. ఇనలే." నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వలే.

"ఏం ఇనలేదవ్వా?"

"అందరు నేను పిలిసిన అంటరు గదా బిడ్డా. పిలిసింది అటెన్క. ముందుగల తిట్టిన." ఆమె గొంతు అసలే బొంగురు, ఇంకా లోపలికి పోయింది. "వాడు మునిగిండు. రాలే. ఎప్పటి తీర్గనే నన్ను ఏడిపిస్తుండు అనుకున్న. సేతుల బొంత, నడుము గుంజుతుంది, కోపం వచ్చింది. నీ పీనుగెల్ల, రాకు, అండ్లనే సావు అన్న. గుంత అంత ఇనవడేటట్టు ఒర్లిన. ఒర్లి... ఇంకింత సేపు బొంతనే ఉతికిన బిడ్డా. వాని దిక్కు సూడనన్న సూడలే. అలిగినట్టు ఉంటెనన్న వస్తడని."

 ఆ తిట్టు మా ఇంట్ల దినాం ఇన్నదే. లేటుగ లేసినా అదే తిట్టు, అన్నం సరిగ తినకున్నా అదే. వాడు దానికి నవ్వేటోడు, "నా పీనుగును నువ్వు మోస్తవా ఏందే?" అని. కాలనీల ఏ అవ్వ తిట్టదు? అప్పుడు సోయికొచ్చింది నాకు, వాడు పోయినంక అవ్వ నోట ఒక్క తిట్టు రాలే. దుఃఖంతోని మెత్తవడ్డది అనుకున్నం నేను, బాపు. ఈ మాట కడుపుల పెట్టుకొని, కొడుకును పిలిసి పిలిసి గొంతు పోయిన తల్లి అని అందరు అంటుంటె ఇనుకుంట బతికింది.

"మా అవ్వనే నన్ను సావుమన్నది అనుకుంట పోయిండేమో అని నాకు..." అన్నది, మిగిలింది చెప్పలే.

"ఇనలేదవ్వా. వానికి ఒక్క ముక్క ఇనవడలే. ఒట్టు." ఆమె చేతులు పట్టుకొని అదే మాట చెప్పిన, మల్ల మల్ల చెప్పిన. నా ఏడ్పు సుత ఆగలే. అవ్వ కొంగుతోని నా మొఖం తుడిసింది, తన మొఖం తుడుసుకున్నది. చాట దగ్గరికి జరుపుకొని మల్ల చిక్కుడుకాయ పట్టుకున్నది. ఈనె తీసింది. ఇంకోటి తీసింది. చెయ్యి నిమ్మలంగ ఆడుతుంది. మంచి పని చేసిన అనుకున్న నేను.

జర సేపటికి ఆ చెయ్యి ఆగింది.

"మరి, నేను పిలిసింది సుత ఇనలే గదా బిడ్డా" అన్నది.

నేను ఆమె దిక్కు చూసిన.

"అంత పిలిసిన. పొద్దుమూకింది, తెల్లారింది, పిలుసుకుంటనే ఉన్న. అండ్ల ఒక్కటి సుత ఇనలే గదా?"

 చాట పక్కకు జరిపి, ఆమె పక్కకు పోయి భుజానికి భుజం ఆనిచ్చి కూసున్న. బాపు వచ్చే దాక గట్లనే కూసున్నం.